భాగం 7: ఇష్టాగోష్ఠి – నవలలు, సినిమాలు, మన రోజువారీ జీవితం

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• ఇష్టాగోష్ఠికి, చర్చకు, ఉపన్యాసానికి మధ్య ఉన్న తేడాను చెప్పగలుగుతారు.
• ఒక నవల లేదా సినిమా 'బాగుంది' అన్న మాటకు కారణాలు జోడించగలుగుతారు.
• నవలను, దాని ఆధారంగా వచ్చిన సినిమాను పోల్చి మాట్లాడగలుగుతారు.
• కథను మీ జీవితానుభవంతో కలిపి చూడడంలో ఉన్న లాభాన్ని, జాగ్రత్తను వివరించగలుగుతారు.
• అభిప్రాయభేదం వచ్చినప్పుడు స్నేహం చెడకుండా సంభాషణను కొనసాగించగలుగుతారు.

7.1 పరిచయం

రెగ్యులర్ కళాశాలలో చదివే విద్యార్థికి తరగతి గది ఒక్కటే బడి కాదు. పాఠం అయిపోయాక హాస్టల్ వరండాలో, టీ కొట్టు దగ్గర, బస్సులో ఆ పాఠమే మరోసారి నడుస్తుంది. "ఆ పాత్ర అలా ఎందుకు చేసింది?" అని ఒకరు అడుగుతారు. మరొకరు జవాబు చెబుతారు. మూడోవారు ఆ జవాబును కొట్టిపారేస్తారు. సాహిత్యం చాలామందికి ఒంటబట్టేది ఇక్కడే.

దూరవిద్యలో చదివే మీకు ఈ రెండో బడి సులభంగా దొరకదు. పగలంతా ఉద్యోగమో, పొలం పనో, దుకాణమో, ఇంటి చాకిరీయో చూసుకుని, పిల్లలు నిద్రపోయాక పుస్తకం తెరిచేవారు మీలో ఎక్కువమంది. అధ్యయన కేంద్రంలో జరిగే కౌన్సెలింగ్ తరగతులకు అందరూ ప్రతిసారీ రాలేరు. వచ్చినా పాఠం వినడానికే సమయం సరిపోతుంది. అందువల్ల చదివినదాని గురించి ఎవరితోనూ మాట్లాడకుండానే పరీక్షకు వెళ్లేవారు చాలామంది ఉంటారు.

ఇందులో నష్టం ఏమిటి? నవల మీద వ్యాసం రాయమన్నప్పుడు గైడులోని వాక్యాలే జవాబు పత్రంలోకి వచ్చేస్తాయి. పది మంది పత్రాలు దిద్దితే పదింటిలోనూ అవే విశేషణాలు కనిపిస్తాయి. ఆ పదిమందికీ సొంత అభిప్రాయం లేక కాదు. దాన్ని ఒక్కసారైనా నోటితో పలికి చూసుకునే అవకాశం రాకపోవడమే కారణం. ఆ అవకాశాన్ని మీ ఇంట్లో, మీ పనిచోట, మీ స్నేహితుల మధ్య ఎలా కల్పించుకోవచ్చో ఈ భాగంలో తెలుసుకుందాం.

7.2 ఇష్టాగోష్ఠి అంటే ఏమిటి?

'గోష్ఠి' అంటే నలుగురు కూడి మాట్లాడుకోవడం. సంస్కృతంలో 'గోష్ఠం' అంటే ఆవులను కట్టే చోటు. పదిమందీ చేరే చోటుకు, అక్కడ సాగే మాటలకు ఆ పదం విస్తరించింది. ఒక పద్ధతికి కట్టుబడకుండా, ఇష్టమైన విషయాలను ఇష్టమైనట్లు మాట్లాడుకుంటే అది ఇష్టాగోష్ఠి.

ఉపన్యాసంలో ఒకరు చెబుతారు, మిగిలినవారు వింటారు. చర్చలో రెండు పక్షాలుంటాయి, చివరకు ఏదో ఒకటి తేలాలి. ఇష్టాగోష్ఠిలో ఎవరూ గెలవనక్కర లేదు, ఏదీ తేలనక్కర లేదు. ఒక మాట నుంచి మరో మాటకు పోవచ్చు. నవల గురించి మొదలుపెట్టి కూరగాయల ధర దగ్గరకు వచ్చి, మళ్లీ నవలలోకే వెళ్లవచ్చు. ఈ స్వేచ్ఛ వల్లనే చర్చలో నోరు మెదపనివారు కూడా ఇక్కడ మాట్లాడతారు.

అయితే స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన ఇది ఊసుపోక మాట్లాడుకునే మాటలతో సమానం కాదు. మంచి ఇష్టాగోష్ఠి నుంచి లేచి వెళ్లేటప్పుడు మనం చదివిన పుస్తకం ఇంతకుముందు కంటే కొంచెం భిన్నంగా కనిపిస్తుంది.

7.3 తెలుగువారి పుస్తక సంభాషణలు

పుస్తకాల గురించి నలుగురితో మాట్లాడుకోవడం మనకు కొత్త కాదు. హైదరాబాదులో 1901లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు పుస్తకాలను దాచిపెట్టే గదులుగా మిగిలిపోలేదు. చదివినవారు కలుసుకునే చోట్లు కూడా అయ్యాయి. ఊళ్లలో అరుగు మీద ఒకరు పత్రిక పైకి చదువుతుంటే, చదువు రానివారు చుట్టూ కూర్చుని వినేవారు, వ్యాఖ్యానించేవారు.

1960, 70 దశకాల్లో వారపత్రికల ధారావాహికలు, అద్దెకు నవలలిచ్చే చిన్న లైబ్రరీలు ఈ సంభాషణను ఇళ్లలోకి తెచ్చాయి. యద్దనపూడి సులోచనారాణి, కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ వంటి రచయిత్రుల నవలలను ఒకే వీధిలోని స్త్రీలు చేతులు మార్చుకుంటూ చదివేవారు. ఒక వారం కథ ఆగిన చోటి నుంచి వచ్చే వారం దాకా "ఇప్పుడేం జరుగుతుంది?" అన్నదే మాట. ఈ చదువును చులకన చేసినవారూ ఉన్నారు. కాని తమ అభిప్రాయాన్ని ఎవరూ అడగని ఇళ్లలో, ఒక కథానాయిక చేసిన పని తప్పా ఒప్పా అని ఆ స్త్రీలు గట్టిగా వాదించుకున్నారన్న సంగతిని సాహిత్య విద్యార్థి గుర్తించాలి. అభిప్రాయం చెప్పడం ఒక అలవాటు. అది ఎక్కడో ఒకచోట మొదలుకావాలి.

7.4 'బాగుంది' నుంచి 'ఎందుకు బాగుంది' దాకా

"నవల ఎలా ఉంది?" అని కౌన్సెలింగ్ తరగతిలో అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు "బాగుంది సార్". అక్కడితో మాట ఆగిపోతుంది. 'బాగుంది' తప్పు జవాబేమీ కాదు, అది సగం జవాబు. మిగతా సగాన్ని రాబట్టడానికి నాలుగు ప్రశ్నలు ఉపయోగపడతాయి.

(అ) ఏది గుర్తుండిపోయింది? పుస్తకం మూసేశాక కూడా కళ్లముందు నిలిచిన ఒక సన్నివేశాన్నో, ఒక మాటనో చెప్పమనండి. కథంతా చెప్పమనకండి.

(ఆ) ఎందుకు జరిగింది? ఆంగ్ల నవలా రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో కేంబ్రిడ్జిలో ఇచ్చిన ఉపన్యాసాల్లో కథకు, కథాసంవిధానానికి మధ్య తేడా చూపాడు. 'ఆ తర్వాత ఏమైంది?' అని అడిగించేది కథ. 'ఎందుకైంది?' అని అడిగించేది కథాసంవిధానం. మీ సంభాషణ మొదటి ప్రశ్న నుంచి రెండో ప్రశ్నకు మారిన క్షణంలోనే విశ్లేషణ మొదలైనట్లు.

(ఇ) ఎవరి కళ్లతో చూశాం? నవల ఒక పాత్ర వైపు నిలబడి కథ చెబుతుంది. అదే కథను మరో పాత్ర చెబితే ఎలా ఉండేదో ఊహించండి.

(ఈ) ఎక్కడ నమ్మలేకపోయారు? నచ్చిన పుస్తకంలోనూ మనకు అతకని చోటు ఒకటి ఉంటుంది. దాన్ని చెప్పడం పుస్తకాన్ని అవమానించడం కాదు.

ఈ ప్రశ్నలను పరీక్షాధికారిలా వరుసగా అడగకూడదు. మాటల మధ్యలో సందర్భం చూసి ఒకటి అడిగితే చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ఇష్టాగోష్ఠికి, చర్చకు గల ఒక ముఖ్యమైన తేడా రాయండి.
2. మీరు ఇటీవల చదివిన ఒక కథలో 'ఎందుకు జరిగింది?' అన్న ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు రాయండి.

7.5 నవలను, సినిమాను కలిపి మాట్లాడుకోవడం

నవల చదివినవారు ఒకరు, సినిమా చూసినవారు ఒకరు ఉన్నప్పుడు ఇష్టాగోష్ఠి చక్కగా సాగుతుంది. సాధారణంగా మొదట వినిపించే మాట "నవలలో ఉన్నది సినిమాలో లేదు" అన్నది. ఆ ఫిర్యాదు దగ్గరే ఆగితే ప్రయోజనం ఉండదు. తీసేసినదాని స్థానంలో సినిమా ఏమి పెట్టింది అని అడగాలి.

'దేవదాసు'ను చూడండి. శరత్‌చంద్ర చటోపాధ్యాయ బెంగాలీ నవల 1917లో వెలువడింది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో తెలుగు సినిమా 1953లో వచ్చింది. శరత్ నవలల అనువాదాల ద్వారా తెలుగు పాఠకులకు చేరువైన చక్రపాణి ఈ సినిమా రచనలో పాలుపంచుకున్నారు. నవలలో దేవదాసు మనసులోని సందిగ్ధాన్ని రచయిత తన మాటల్లో మనకు చెబుతాడు. తెరమీద ఆ సౌకర్యం లేదు. అక్కినేని నాగేశ్వరరావు ముఖం, ఘంటసాల గొంతు, సి.ఆర్. సుబ్బరామన్ బాణీలు ఆ పని చేశాయి. నవలలోని పేరాలు సినిమాలో పాటలయ్యాయి. "దేవదాసు మీద జాలి కలిగిందా, కోపం వచ్చిందా?" అని అడిగి చూడండి. సినిమా చూసినవారు ఎక్కువగా జాలి అంటారు. నవలను నిదానంగా చదివినవారు అతని పిరికితనం గురించి కూడా మాట్లాడతారు. తేడా పాత్రలో ఉందా, పాటలో ఉందా అన్నది మంచి ప్రశ్న.

'డాక్టర్ చక్రవర్తి' (1964) మరో ఉదాహరణ. కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' దీనికి ఆధారం. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. ఒక స్త్రీ మీద ఒక పురుషునికి ఉన్న తోబుట్టువు వంటి ప్రేమను చుట్టుపక్కలవారు అపార్థం చేసుకోవడం ఇందులో ప్రధానాంశం. రక్తసంబంధం లేని ఆడామగా మధ్య స్నేహాన్ని మన చుట్టూ ఉన్నవారు ఎలా చూస్తున్నారన్న ప్రశ్న ఈ కథ నుంచి సహజంగా వస్తుంది. అరవై ఏళ్లు దాటినా ఆ ప్రశ్న పాతబడలేదు.

యండమూరి వీరేంద్రనాథ్ నవల 'అభిలాష' ఆధారంగా అదే పేరుతో 1983లో ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో సినిమా వచ్చింది. మరణశిక్ష రద్దు కావాలని కోరే యువ న్యాయవాది, నిర్దోషికి కూడా ఉరిశిక్ష పడే అవకాశం ఉందని నిరూపించడానికి తనను తానే ఒక హత్యకేసులో ఇరికించుకుంటాడు. ఉత్కంఠ కోసం చదివినవారూ, చూసినవారూ ఎక్కువే. అయితే ఆ ఉత్కంఠ కింద మరణశిక్ష ఉండాలా వద్దా అన్న గట్టి ప్రశ్న ఉంది. కాలక్షేపానికి చదివిన పుస్తకంలో కూడా మాట్లాడదగిన విషయం ఉండవచ్చని దీన్నిబట్టి గ్రహించండి.

పోలిక చేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పేరు ఒకటైనంత మాత్రాన కథ ఒకటి కాదు. బుచ్చిబాబు నవల 'చివరకు మిగిలేది' 1946లో వచ్చింది. దానిలో దయానిధి అనే వ్యక్తి అంతరంగ అన్వేషణ ఉంది. 1960లో సావిత్రి నటించిన 'చివరకు మిగిలేది' సినిమా మానసిక చికిత్సాలయంలో పనిచేసే ఒక నర్సు కథ. అది బెంగాలీ చిత్రం 'దీప్ జ్వేలే జాయ్'కి తెలుగు రూపం. ఈ రెండింటికీ సంబంధం లేదు. జవాబు పత్రంలో సినిమా చూసి నవల గురించి రాస్తే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

7.6 నమూనా సంభాషణ

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవల 1960 దశకంలో ధారావాహికగా వెలువడి, ఎంతో ఆదరణ పొందింది. 1976లో కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. దీని గురించి వదిన, మరదలు మాట్లాడుకుంటున్నట్లు ఊహించి రాసిన సంభాషణ ఇది. వదిన నవల చదివింది. మరదలు సినిమా చూసింది. బట్టల దుకాణంలో కొత్తగా పనికి చేరింది.

మరదలు: వదినా, నిన్న సెక్రటరీ సినిమా చూశాను. అంతా బాగుంది గానీ, ఆ జయంతికి అంత పంతం ఎందుకో అర్థం కాలేదు.
వదిన: ఎక్కడ పంతం అనిపించింది నీకు?
మరదలు: అన్ని చోట్లా! రాజశేఖరం అంటే ఇష్టం ఉంది కదా. ఉన్నప్పుడు చెప్పేస్తే పోయేదిగా.
వదిన: చెప్పేస్తే కథ రెండు పేజీల్లో అయిపోయేది. (నవ్వు) అది సరే గానీ, ఆయన ఎవరు, ఈమె ఎవరు?
మరదలు: ఆయన యజమాని. ఈమె జీతానికి పనిచేసే అమ్మాయి.
వదిన: మరి మీ షాపు ఓనరు రేపు సాయంత్రం "కారులో దింపుతాను రామ్మా" అంటే ఎక్కుతావా?
మరదలు: అమ్మో, ఎక్కను. ఆయన మంచివాడే అయినా ఎక్కను. పక్క కౌంటర్ వాళ్లు ఏమనుకుంటారు?
వదిన: చూశావా. నువ్వు ఎక్కకపోతే జాగ్రత్త, జయంతి ఎక్కకపోతే పంతమా?
మరదలు: (కాసేపు ఆగి) అలా ఆలోచించలేదు. కానీ వదినా, చివరికి ఆ డబ్బున్నాయన్నే పెళ్లి చేసుకుందిగా. అంత ఆత్మాభిమానం ఎక్కడికి పోయింది?
వదిన: అది మాత్రం నాకూ ఎప్పుడూ కొరుకుడు పడలేదు. అప్పట్లో చదువుతుంటే అది కనబడనే లేదు, పెళ్లయితే చాలనిపించింది. నువ్వడిగాక మళ్లీ చదవాలనిపిస్తోంది.

ఈ సంభాషణలో ఏమి జరిగిందో పరిశీలించండి.

మొదట, వదిన "నీకు తెలియదులే" అనలేదు. 'ఎక్కడ?' అని అడిగింది. ఆ ఒక్క మాటతో సాధారణ వ్యాఖ్య ఒక నిర్దిష్ట విషయం వైపు తిరిగింది. రెండవది, ఆమె కథను మరదలి రోజువారీ జీవితం దగ్గరకు తెచ్చింది. కారు ఎక్కాలా వద్దా అన్నది మరదలికి పుస్తకం చెప్పిన సమస్య కాదు, తన ఉద్యోగంలో, తన పరువులో ఉన్న సమస్య. 'పంతం' అన్న మాట అర్థం అక్కడే మారిపోయింది. మూడవది, చిన్నది అడిగిన చివరి ప్రశ్నకు పెద్దావిడ దగ్గర జవాబు లేదు. దాన్ని ఒప్పుకోవడం వల్ల ఆమె గౌరవం తగ్గలేదు. ఇద్దరూ ఒకే ప్రశ్నతో మిగిలారు.

ఈ పది మాటల్లో పాత్రచిత్రణ, వర్గభేదం, కథాసంవిధానం, ముగింపు అన్నీ వచ్చాయి. వీటినే వరుసలో పెట్టి రాస్తే వ్యాసమవుతుంది.

7.7 రోజువారీ జీవితం ఎందుకు రావాలి?

కొంతమంది విద్యార్థులు "నా సొంత సంగతులు సాహిత్యంలో ఎందుకు?" అని సంకోచిస్తారు. జీవితానుభవం దూరవిద్యార్థికి ఉన్న బలం. పద్దెనిమిదేళ్ల కళాశాల విద్యార్థి కంటే మీరు ఎక్కువ ఉద్యోగాలు, ఎక్కువ అప్పులు, ఎక్కువ పెళ్లిళ్లు, చావులు చూసి ఉంటారు.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922)ని తీసుకోండి. నాటి ప్రభుత్వం నిషేధించిన నవల అది. అందులో సంగదాసు మరణాన్ని భూమి ఉన్న కుటుంబం నుంచి వచ్చిన పాఠకుడు ఒకలా చదువుతాడు. కూలికి వెళ్లే ఇంట్లో పుట్టిన పాఠకురాలు మరోలా చదువుతుంది. ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే, ఒకరికి పుస్తకంలోని సంఘటనగా ఉన్నది మరొకరికి తాతల నాటి జ్ఞాపకమని తెలుస్తుంది. గైడు ఈ సంగతి చెప్పదు, ఎదుటి మనిషే చెప్పాలి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు పాటించాలి. ఒకటి, అనుభవం చెప్పమని ఎవరినీ బలవంతం చేయరాదు. కులం గురించో, కాపురంలోని కష్టం గురించో చెప్పాలా వద్దా అన్నది ఆ వ్యక్తి ఇష్టం. రెండు, అక్కడ విన్న సొంత విషయాన్ని బయట చెప్పరాదు. మూడు, "నాకు ఇలా జరిగింది" అన్న దగ్గర ఆగిపోకుండా "అందువల్ల నవలలో ఈ చోటు నాకు ఇలా అర్థమైంది" అని తిరిగి పుస్తకంలోకి రావాలి.

7.8 అభిప్రాయం కలవనప్పుడు

నచ్చిన నటుడినో, రచయితనో ఒకరు విమర్శిస్తే మనకు మన ఇంటివారిని అన్నట్లు ఉంటుంది. అందుకే సినిమా మాటలు తొందరగా తగాదాల్లోకి దిగుతాయి. పుస్తకాన్ని విమర్శించండి, దాన్ని ఇష్టపడిన మనిషిని కాదు. "ఆ నవలలు చదివేవాళ్లకు బుర్ర ఉండదు" అన్న మాట విమర్శ కాదు. అది ఎదుటివారి నోరు మూయించడం. ఒకసారి అలా నోరు మూసుకున్నవారు మరోసారి ఆ చోటుకు రారు, వచ్చినా మాట్లాడరు.

వయసు, చదువు, హోదాల వల్ల కూడా కొందరు మౌనంగా ఉండిపోతారు. పెద్దవారు ముందుగా తమ తీర్పు చెప్పేస్తే చిన్నవారికి తల ఊపడం తప్ప మరో దారి ఉండదు. కాబట్టి బృందంలో అనుభవం ఉన్నవారు చివర మాట్లాడడం మంచి పద్ధతి. మాట్లాడనివారికి అభిప్రాయం లేదని అనుకోరాదు.

7.9 ఫోనులో ఇష్టాగోష్ఠి

ఒకే అధ్యయన కేంద్రానికి చెందిన మీరు వేర్వేరు ఊళ్లలో ఉంటారు కాబట్టి వాట్సాప్ బృందం సహజమైన మార్గం. దానిలో కొన్ని ఇబ్బందులు కూడా ఉన్నాయి. ముఖం కనిపించదు కనుక హాస్యం ఎత్తిపొడుపులా వినిపించవచ్చు. ఒకరు పొద్దున అడిగిన ప్రశ్నకు రాత్రి జవాబు వచ్చేసరికి మాట మరోవైపు పోయి ఉంటుంది.

అందువల్ల వారానికి ఒకే కథ లేదా నవలలో ఒకే అధ్యాయం పెట్టుకోండి. ముగింపు చెప్పేముందు అందరూ చదివారో లేదో కనుక్కోండి. టైపు చేయడం కష్టమైనవారు గొంతు రికార్డు చేసి పంపవచ్చు. తెలుగు మాటలను ఆంగ్ల అక్షరాల్లో రాసే అలవాటు ఉన్నవారు ఇక్కడైనా తెలుగు లిపిలో రాయడం అభ్యాసం చేయండి. పరీక్షలో రాయవలసింది ఆ లిపిలోనే. శుభోదయం బొమ్మలు, ఫార్వర్డులు వేరే బృందంలో పెట్టుకోండి.

మాట్లాడుకోవడం పూర్తయిన రాత్రే ఐదు నిమిషాలు కేటాయించి, ఎవరు ఏమన్నారో, మీ అభిప్రాయం ఎక్కడ మారిందో నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాసుకోండి. మాట గాలికి పోతుంది. ఈ నాలుగు వాక్యాలు పరీక్షనాటికి మీ దగ్గర ఉంటాయి, అవి మీ సొంత వాక్యాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. నమూనా సంభాషణలో 'పంతం' అన్న మాటకు అర్థం ఎలా మారింది?
2. ఒకే పేరున్న నవల, సినిమా విషయంలో తీసుకోవలసిన జాగ్రత్త ఏమిటి?

7.10 సారాంశం

ఇష్టాగోష్ఠి గెలుపోటములు లేని స్వేచ్ఛా సంభాషణ. దూరవిద్యార్థికి తరగతి బయటి బడి కొరతను ఇది కొంతవరకు తీరుస్తుంది. 'బాగుంది' అన్న మాటకు కారణం జోడిస్తే విశ్లేషణ మొదలవుతుంది. నవలను, సినిమాను పోల్చేటప్పుడు ఏమి పోయిందన్నదానితో పాటు దాని బదులు ఏమి వచ్చిందన్నది చూడాలి. రోజువారీ జీవితానుభవం పుస్తకానికి కొత్త అర్థాన్ని ఇస్తుంది. అయితే దాన్ని గౌరవంగా, గోప్యంగా ఉంచాలి. అభిప్రాయభేదాన్ని పుస్తకానికి పరిమితం చేస్తే స్నేహం, సంభాషణ రెండూ నిలుస్తాయి.

7.11 కీలక పదాలు

ఇష్టాగోష్ఠి: నియమాలు లేకుండా ఇష్టమైన విషయాలపై నలుగురు మాట్లాడుకోవడం.
కథాసంవిధానం: సంఘటనలను కార్యకారణ సంబంధంతో అమర్చే తీరు.
దృష్టికోణం: కథను ఏ పాత్ర వైపు నుంచి చూస్తున్నామన్నది.
అనుసరణ: ఒక రచనను మరో ప్రక్రియలోకి, మాధ్యమంలోకి మార్చడం.
ధారావాహిక: పత్రికలో వారం వారం లేదా నెల నెలా భాగాలుగా వచ్చే రచన.

7.12 నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. నవలను, దాని ఆధారంగా వచ్చిన సినిమాను పోల్చడంలో పాటించవలసిన పద్ధతులను ఉదాహరణలతో వివరించండి.
2. సాహిత్యావగాహనలో పాఠకుల జీవితానుభవానికి ఉన్న స్థానాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. కథకు, కథాసంవిధానానికి తేడా ఏమిటి?
2. సంభాషణలో కొందరు మౌనంగా ఉండిపోవడానికి కారణాలేమిటి? దాన్ని ఎలా తగ్గించవచ్చు?

III. అభ్యాసం
మీ ఇంట్లో లేదా పనిచోట ఒకరితో, మీ ఇద్దరికీ తెలిసిన నవల లేదా సినిమా గురించి పదిహేను నిమిషాలు మాట్లాడండి. ఆ సంభాషణను వారి అనుమతితో, పేరు రాయకుండా ఒక పేజీలో రాసి, వచ్చే కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి. వారు చెప్పిన ఏ మాట మీరు ముందు ఆలోచించనిదో దాని కింద గీత గీయండి.